లోపలున్న శేషారత్నం

"ఏమండీ, మనం కిందికి దిగినాక ఓడ మనల్ని వదిలేసి పోతే ఎట్టా?"

శేషారత్నం ఈ మాట అనేసరికి దీవి ఇంకా కంటికే ఆనలేదు. గదికున్న గుండ్రటి కిటికీలోంచి చూస్తే నీళ్ళు తప్ప మరేమీ లేవు. పూర్ణయ్య గడ్డం గీసుకుంటున్నాడు. ఓడంటే సత్తెనపల్లి బస్సు కాదని, నాలుగువేల మందిని మోసుకుతిరిగే వస్తువు ఎవరినీ మరిచిపోదని అద్దంలోంచే చెప్పాడు. బస్సయితే కేకేస్తే ఆగుతుంది, ఇంత పెద్ద ఓడకి మన కేక ఎక్కడ వినపడుతుంది అని ఆవిడ అడిగింది. ఆయన మిగిలిన చెంప గీసుకున్నాడు.

పూర్ణయ్యది సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు. ఆ యేడు మిరపకి తామరపురుగు విరగబడి తగిలింది. చేలు ఏమయ్యాయన్నది వేరే సంగతి, మందు మాత్రం డబ్బాలు డబ్బాలు పోయింది. కంపెనీవాళ్ళు సంతోషించి, తాము పెట్టిన లక్ష్యం దాటిన డీలర్లందరినీ పెళ్ళాంబిడ్డలతో సహా విమానమెక్కించి, భూమికి అవతలి వైపున కరీబియన్ సముద్రంలో తిరిగే విహారనౌక మీద వారం రోజులు ఉంచడానికి తీసుకొచ్చారు. పురుగు పుణ్యమా అని శేషారత్నం సముద్రం మీద పడింది.

ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. భయపడటానికి అంతకు మించిన చదువు అవసరం లేదు. ఓడెక్కిన నాలుగు రోజుల్లో ఆవిడ పక్కలకి వేలాడే ప్రాణరక్షక పడవలన్నీ లెక్కపెట్టింది. వాటిలో తమది ఏదో కనుక్కుంది. దాన్ని నడిపేవాడు ఎవరో, అతడికి ఈత వచ్చో రాదో కనుక్కోబోయింది. పదమూడేళ్ళ కూతురు జోషితని ఈతకొలను దగ్గరికి కూడా మణికట్టు పట్టుకునే తీసుకెళ్ళింది. రాత్రి కెరటాలకి మంచం కదిలితే పొద్దున్నే సహాయ కేంద్రానికి వెళ్ళి, ఇట్టా కదలచ్చా అని అడిగింది.

సహాయ కేంద్రంలో తెలుగువాళ్ళ కోసమని ఫణిభూషణ్ అనే కాకినాడ మనిషిని పెట్టారు. అతడి చొక్కాకున్న బిళ్ళ మీద 'అతిథి సౌఖ్యాధికారి' అని ఉండేది. పన్నెండేళ్ళుగా ఓడల మీద తిరిగి తిరిగి అతడికి ఉప్పుగాలి పట్టలేదు గాని, సర్క్యులర్లు పట్టాయి. ఓడ మునిగితే మమ్మల్ని ఎవరు లేపుతారు బాబూ అని శేషారత్నం అడిగితే, అతడు తలొంచి తన పుస్తకం చూసి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"మునక అనే అంశం మా సేవల జాబితాలో లేదమ్మా."

ఆ మాటతో శేషారత్నానికి ధైర్యం చిక్కాలి. అదేమిటో చిక్కలేదు.

ఆ ఓడకి ఒక మంచి పేరుంది. పదకొండేళ్ళలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఏ రేవులోనూ వదిలేసి రాలేదని బయటికి వెళ్ళే ద్వారం మీద ఇత్తడి పలక బిగించారు. దాని కింద ఒక యంత్రం, యంత్రానికి ఒక అడ్డకమ్మీ ఉన్నాయి. ప్రతి ప్రయాణికుడి మెళ్ళో తాడుకి వేలాడే కార్డు ఒకటుంటుంది. దిగేటప్పుడు దాన్ని యంత్రానికి చూపిస్తే ఠంగుమని కమ్మీ లేస్తుంది. ఎక్కేటప్పుడూ అంతే. ఎవరు లోపలున్నారో ఎవరు బయటున్నారో యంత్రానికి తెలుసు. యంత్రానికి తెలిస్తే ఓడకి తెలుసు. మనుషుల్ని పేరుపెట్టి పిలిచి చూసుకునే పాతకాలపు పద్ధతి ఎప్పుడో ఎత్తేశారు.

పది గంటలకి ఓడ దీవి పక్కన ఆగింది. అందరూ వరసగా దిగుతున్నారు. పూర్ణయ్య ఠంగుమని దిగాడు. జోషిత ఠంగుమని దిగింది. శేషారత్నం కార్డు చూపించి, కమ్మీ దాటి, కుడికాలు చెక్కవంతెన మీద మోపిందో లేదో, వెనకాల ఒక ముసలి దొర గట్టిగా తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. రెండోది వస్తుందేమోనని ఆవిడ ఒక క్షణం ఆగింది. రెండయితే దోషం లేదు. రాలేదు.

ఏ ఊళ్ళోనైనా ఇలాంటప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. శేషారత్నం వెనక్కి తిరిగింది. కమ్మీ దగ్గరున్న కాపలావాడు ఇదేమిటన్నట్టు చూసి, చెయ్యి చాపి కార్డు చూపించమన్నాడు. చూపించింది. ఠంగుమంది. లోపలికొచ్చి, గోడవారగా ఉన్న బల్ల మీద కూచుని, సంచీలోని సీసా తీసి మూడు గుక్కలు మంచినీళ్ళు తాగి, మనసులో కోటప్పకొండ స్వామికి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ లేచింది. అప్పటికి వరస బాగా పెరిగింది. కాపలావాడు ఆవిడ్ని గుర్తుపట్టాడు. ఇందాకే దిగిన మనిషి కదా, మళ్ళీ వరసలో నిలబెట్టడం దేనికని, మర్యాదకి పక్కనున్న తాడు ఎత్తి వెళ్ళమన్నాడు. ఆవిడ నవ్వి, చేతులు జోడించి, దిగిపోయింది.

తుమ్మినవాడికి ఏమీ కాలేదు. దీవిలో కొబ్బరిబొండాం తాగి క్షేమంగా తిరిగొచ్చాడు.

దీవి బాగుందని అందరూ అన్నారు. శేషారత్నం దీవిని చూడలేదు. ఓడని చూస్తూ కూచుంది. తోటి డీలర్ల భార్యలు చీరలు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని కెరటాల్లో నిలబడి రమ్మని పిలిచారు. మీరు కానివ్వండమ్మా, నేను దాన్ని చూస్తుంటానంది. అది కదిలితే కేకెయ్యడానికి ఒకరైనా ఉండాలని ఆవిడ ఉద్దేశం. మధ్యాహ్నం మగవాళ్ళంతా ఓడలోకి వెళ్ళిపోయారు. ఈ విహారాన్ని కంపెనీ తన కాగితాల్లో శిక్షణగా రాసుకుంది కాబట్టి రోజూ రెండు గంటలు తెర మీద పురుగుల బొమ్మలు చూడటం డీలర్ల విధి. అది కాగానే ఎవరి గదికి వాళ్ళు వెళ్ళి పడుకోవడం ఆనవాయితీ.

నాలుగూ పదికి ఆడవాళ్ళు ఓడ దగ్గరికొచ్చారు. ఓడ కదిలేది ఐదింటికి. తక్కినవాళ్ళందరూ ఎక్కారు. జోషిత ఠంగుమని ఎక్కింది. శేషారత్నం కార్డు చూపించింది. యంత్రం ఠంగుమనలేదు. గొంతు పట్టినవాడిలా ఒక చప్పుడు చేసి ఎర్రదీపం వెలిగించింది. కాపలావాడు మళ్ళీ పెట్టమన్నాడు, తుడిచి పెట్టమన్నాడు, తిప్పి పెట్టమన్నాడు. పొద్దుటి మనిషి డ్యూటీ దిగిపోయాడు, ఇతడు వేరే. చివరికి తెర మీద రాసినది చదివి, ఫోనెత్తి ఫణిభూషణ్‌ని పిలిచాడు.

ఫణిభూషణ్ వచ్చి తెర చూశాడు. ఆవిడ్ని చూశాడు. మళ్ళీ తెర చూశాడు. రెంటిలో ఏది నమ్మాలో అతడికి అట్టే సేపు పట్టలేదు.

"అమ్మా, తమరు లోపలే ఉన్నారు," అన్నాడు.

"నేనీడ ఉన్నా కదయ్యా."

"రికార్డు ప్రకారం పది గంటల నాలుగు నిమిషాలకి తమరు ఓడలో ప్రవేశించారు. తర్వాత నిష్క్రమించిన దాఖలా లేదు. లోపల ఉన్నవారిని మళ్ళీ లోపలికి అనుమతిస్తే ఒకే ప్రయాణికురాలు ఇద్దరవుతారు. ఓడకది ప్రమాదకరం."

శేషారత్నం తుమ్ము సంగతంతా చెప్పింది. అతడు శ్రద్ధగా విన్నాడు. కాకినాడవాడు కనక తుమ్ము విలువ అతడికి తెలుసు. వెనక్కి వచ్చి నీళ్ళు తాగడం చాలా సబబైన పని అని ఒప్పుకున్నాడు కూడా. కాని ఆ తర్వాత ఆవిడ దిగిందంటే మాత్రం ఒప్పుకోలేకపోయాడు. పదకొండేళ్ళుగా ఈ ద్వారంలోంచి ఠంగుమనకుండా ఎవరూ దిగలేదు. దిగే అవకాశం లేదు. అవకాశం లేదు కాబట్టి ఆవిడా దిగలేదు.

కమ్మీకి అవతల నిలబడ్డ జోషిత, తెర మీద ఉన్నది మా అమ్మ ఫోటోయే కదా అంకుల్, పోల్చి చూడండి అంది. ఫణిభూషణ్ పోల్చి చూశాడు. ముక్కు, బొట్టు, మెడ మీది పుట్టుమచ్చ, అన్నీ కలిశాయి. అతడి ముఖం మరింత గంభీరమైంది. లోపలి శేషారత్నం గారితో బయటివారికి ఇంత పోలిక ఉండటమే అనుమానాన్ని బలపరుస్తోందన్నాడు. వేరే మనిషి పేరుతో ఎక్కాలనుకునేవాళ్ళు పోలిక లేకుండా రారట. అయితే నేను పోయి నాన్నని తీసుకొస్తానని జోషిత కదలబోయింది. పద్నాలుగు అంతస్తుల ఓడ. లిఫ్టులో ఎవరుంటారో, ఏ మలుపులో దారి తప్పుతుందో. నా కళ్ళముందు నించి కదిలావంటే ఊరుకోనని శేషారత్నం కమ్మీ ఇవతల నించే కేకేసింది. ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది.

పావుగంట పోయాక తెల్లబట్టలు, భుజాల మీద బంగారు చారలు ఉన్న పెద్ద భద్రతాధికారి వచ్చాడు. అతడు దొరభాషలో మాట్లాడితే ఫణిభూషణ్ తెలుగు చేశాడు. పెద్దాయన ముందుగా లోపలి ప్రయాణికురాలి ప్రవర్తన ఎలా ఉందో చూడమన్నాడు. చూశారు. నాలుగు రోజులుగా ఆవిడ మీద పద్దెనిమిది నమోదులున్నాయి: పడవల గురించి ఆరు, మంచం కదలడం గురించి నాలుగు, కూతురికి పెట్టిన ఐస్‌క్రీములో పచ్చిగుడ్డు ఉందా అని మూడు, మిగతావి చిల్లర భయాలు. ఈ రోజు మాత్రం ఒక్కటీ లేదు. పొద్దున పది నించి ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. ఏ కౌంటరు దగ్గరికీ రాలేదు. దేనికీ కంగారు పడలేదు.

"ఎంతో మెరుగుదల," అన్నాడు ఫణిభూషణ్, పెద్దాయన మాటని తెలుగు చేస్తూ. "సాయంత్రం నాలుగింటికి కంప్యూటరు ఈ రోజుకి 'ప్రశాంత అతిథి'ని ఎంపిక చేసింది. తమరే. అంటే, లోపలి తమరు. అభినందన పత్రం, గులాబీ పువ్వు గది తలుపు కింద పెట్టించాం."

ఓడవాళ్ళకి ఇద్దరు శేషారత్నాల్లో ఎవరు నచ్చారో అప్పటికే తేలిపోయింది. శేషారత్నానికీ అది అర్థమైంది. ఆవిడకి కోపం రావలసింది. కాని పుట్టుక నించీ ఉన్న గుణం వేరే దారి పట్టింది.

"పొద్దున పదింటి నించి ఆమె అన్నం తిన్నదా?" అని అడిగింది.

ఫణిభూషణ్ యంత్రంలో చూసి తినలేదన్నాడు. ఏ భోజనశాలలోనూ ఆ కార్డు వాడలేదు. కాఫీ కూడా తాగలేదు.

"అదేందయ్యా? ఆరు గంటలకి పైగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఒక ఆడమనిషి గదిలో పడి ఉంటే, ప్రశాంతంగా ఉందని పువ్వులు పెడతారా? ఒంట్లో ఎట్టా ఉందో, కళ్ళు తిరిగి పడిందో. పోయి తలుపన్నా కొట్టి చూడండి."

"అమ్మా, అది నువ్వే," అంది జోషిత.

నేనైతే మాత్రం, అంది శేషారత్నం. కాని అన్నాక ఆ మాట ఎటు పోతుందో ఆవిడకీ తెలియలేదు. పెద్దాయన మాత్రం ఈ ఆదుర్దాని మెచ్చుకుని వైద్యుణ్ణి పంపించాడు. వైద్యుడు పది నిమిషాల్లో తిరిగొచ్చి, గది తలుపుకి 'నిద్రాభంగం చేయవద్దు' అన్న అట్ట వేలాడుతోందని, కనక రోగి విశ్రాంతి తీసుకుంటోందని, విశ్రాంతి చాలా మంచిదని రాసిచ్చాడు. అట్టకి మించి లోపలికి వెళ్ళడం నిబంధనల ప్రకారం కుదరదు. ఆ అట్ట పూర్ణయ్య తగిలించినదని శేషారత్నానికి తెలుసు. మధ్యాహ్నం నిద్రకి ముందు ఆయన మరిచిపోకుండా చేసే పని అదొక్కటే.

నాలుగూ ముప్పై ఐదయింది. ద్వారం పక్కన తాళ్ళు విప్పేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. శేషారత్నం కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. అవతల నించి జోషిత ఆ చేతుల మీద తన చేతులు వేసింది. ఇంతవరకు భయమంటే ఇంకా జరగనిదాన్ని గురించి. ఇప్పుడది ఎదురుగా ఇనపకమ్మీ అయి నిలబడింది. పిల్ల అటు, తాను ఇటు.

ఫణిభూషణ్ చెడ్డవాడు కాదు. ఎలాగైనా సాయం చెయ్యాలనే పుస్తకం తిరగేస్తున్నాడు. ముందు లోపలి ఆవిడ్ని దించితే, బయటి ఆవిడ్ని ఎక్కించవచ్చు. కాని దించాలంటే ఆవిడ స్వయంగా వచ్చి లోపలి వైపు నించి కార్డు చూపించాలి. కార్డు బయట ఉంది. కార్డు ఇలా ఇవ్వమ్మా నేను చూపిస్తానని జోషిత అంటే, ఒకరి కార్డు మరొకరు చూపించడం నేరమన్నాడు. దీవిలోని కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుని 'ఓడ పరిసరాల్లో కనబడిన గుర్తుతెలియని స్త్రీ'గా నమోదు కావచ్చు, కాని అది శనాదివారాలు తెరవరు. ఇంకో దారి కూడా దొరికింది. దీవి నించి ప్రయాణికులు తెచ్చుకునే జ్ఞాపికల్ని సామాను తలుపులోంచి అనుమతిస్తారు. జోషిత కొన్న వస్తువుగా ఆవిడ్ని రాయవచ్చునేమోనని అతడు వేలితో పంక్తుల వెంట చదువుకుంటూ పోయాడు. మొక్కలు, విత్తనాలు, ప్రాణమున్నవి నిషిద్ధం అన్న పంక్తి దగ్గర వేలు ఆగిపోయింది.

"తమరికి ప్రాణముండటం ఒక్కటే అభ్యంతరం," అన్నాడు విచారంగా.

"ఇంకో పావుగంట ఇట్టా నిలబెడితే అదీ ఉండదులే నాయనా," అంది శేషారత్నం.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. చివరికి అతడే పుస్తకంలో ఎక్కడో అడుగున ఉన్న నిబంధన ఒకటి తీశాడు. ఒకే గదిలో ఉంటున్న వయోజనుడు, ఆ ప్రయాణికురాలు గదిలో లేదని సొంత నోటితో చెబితే, ఆవిడ లోపల లేనట్టు తాత్కాలికంగా భావించవచ్చు. చూసినది కాదు, చెప్పినది చెల్లుతుంది. అది కూడా గది ఫోనులోనే చెప్పాలి. ఎవరూ వెళ్ళి చెప్పించకూడదు. మూడుసార్లే మోగించాలి. నిద్రాభంగం చేయవద్దన్న అట్టకి అంతకు మించి అవమానం జరగకూడదు.

అప్పుడు శేషారత్నం కూతుర్ని చూసి, పోవే, పోయి నాన్నని లేపు, ఏ లిఫ్టయినా ఎక్కు అంది. పదమూడేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. కాని సాక్షి దగ్గరికి పక్షం మనిషి వెళ్ళకూడదని ఫణిభూషణ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

మొదటిసారి ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. పైన ఎక్కడో ఓడ కూత వేసింది. దీవి మొత్తం అదిరేంత కూత. దానికి కూడా లేవని మనిషిని చిన్న ఫోను లేపుతుందా అని శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలుగురు మనుషులు వచ్చి చెక్కవంతెనకి రెండు వైపులా వంగారు.

మూడోసారి, గంట ఆగబోయే ముందు, ఎవరో ఫోనెత్తారు.

ఫణిభూషణ్ అందరికీ వినిపించేలా మీట నొక్కి, తన పేరు, హోదా చెప్పి, నిబంధన సంఖ్య చెప్పి, స్పష్టంగా అడిగాడు.

"తమరి సతీమణి శేషారత్నం గారు ప్రస్తుతం గదిలో ఉన్నారా, లేరా? ఆలోచించి ఒకే సమాధానం చెప్పవలెను. చెప్పిన తర్వాత మార్చుటకు వీలులేదు."

అవతల నించి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ ఊపిరి శేషారత్నానికి తెలుసు. అది సగం నిద్రలో ఉన్న ఊపిరి. ఆ స్థితిలో ఆయన్ని ఏది అడిగినా ఆఁ అంటాడు. నిరుడు ఆయన బావమరిది అలా అడిగే కొట్టు ముందు పెట్టిన స్కూటరు పట్టుకుపోయాడు. ఆఁ అన్నాడంటే ఇక ఆవిడ ఈ దీవి మీద ఉండిపోవలసిందే, లోపలి శేషారత్నం గులాబీ పువ్వు పక్కన ప్రశాంతంగా ఉండిపోవలసిందే. కేక వెయ్యబోయింది. పెద్దాయన వేలెత్తి వారించాడు. జోషిత కళ్ళు మూసుకుంది. తాళ్ళవాళ్ళు కూడా వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయి ఫోను వంక చూస్తున్నారు. కెరటం ఒకటి వచ్చి ఓడకి తగిలి వెళ్ళింది. ఇంకొకటి వచ్చి తగిలి వెళ్ళింది. దుప్పటి కదిలిన చప్పుడయింది. మంచం కిర్రుమంది.

"లేదండీ," అన్నాడు పూర్ణయ్య చివరికి. "రెండు గంటలకి పైగా హాయిగా పడుకున్నా. ఆవిడ గదిలోనే ఉంటే, బతికే ఉన్నానా లేదా అని ఈపాటికి నాలుగుసార్లు లేపి చూసేది."